రాజమహేంద్రవరపు నల్లరాయి

గోదావరికి తూర్పుగట్టున రాజమహేంద్రవరమునకు సమీపమున కాతేరు గ్రామము కలదు. పడమటిగట్టున కొవ్వూరు దాటి పోయినచో దుద్దుకూరు, పంగిడి, గౌరీపట్నము గ్రామములు కలవు. ఈ తావులందలి గనులలో ఒకవిధమగు నల్లరాయి దొరకును. దానిని పగులగొట్టి బాటలకు కంకరగా వాడుదురు. ఆ కంకరపై నడచువారు వేలకొలది; అది యెచ్చటనుండి వచ్చినదని యడుగువారు మాత్రము అరుదు.

ఈ రాయికి బసాల్టు అని పేరు. ఇది నీటియడుగున పేరుకొనిన మట్టి గట్టిపడి యైనది కాదు. భూగర్భమునుండి సుమారు 1,100 డిగ్రీల వేడిమితో వెలువడిన లావా చల్లారి యేర్పడినది. అట్లయినచో అగ్నిపర్వత మెచ్చట? గోదావరీతీరమున కొండలు గలవు గాని అవి అగ్నిపర్వతములు కావు. లావా వెలువడిన ముఖమును ఈ ప్రాంతమున ఎవరును చూపలేదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

పడమటి దిక్కునకు చూతము. మహారాష్ట్రదేశమున మిక్కిలిగను, తెలంగాణమున కొంతభాగమునందును ఇట్టి రాయియే పొరమీద పొరగా, మెట్లవలె పరచుకొనియున్నది. దీనిని దక్కను ట్రాపు లందురు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట నేల నిడుపుగా పగిలి, ఆ పగుళ్లనుండి లావా వెల్లువలై పారెను. బాలురు చిత్రపటములలో చూచు, శిఖరమునుండి నిప్పులు గ్రక్కు కొండను ఇచ్చట ఊహింపరాదు. నేటికి మిగిలిన రాయియే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర నున్నది. పశ్చిమకనుమలలో దాని మందము 1 కిలోమీటరును మించును. ఆ రాయి చివికి యైన నల్లరేగడియే ప్రత్తిపంటకు పేరువడసినది.

ఈ వెల్లువయే గోదావరి ముఖమువరకు వచ్చెనా? నడుమ వందలకొలది కిలోమీటర్లు ఆ రాతిజాడ లేదు. కావున ఇచ్చటి లావా ఇచ్చటనే పుట్టెనని కొందరు తలచిరి. అయితే రసాయనపరీక్షలో కాతేరు, పంగిడి రాళ్లు మహాబలేశ్వర ప్రాంతపు పైపొరలను పోలియున్నవి. మరియొక సాక్ష్యమును గలదు. లావా చల్లారునపుడు అందలి యినుపరేణువులు నాటి భూమియొక్క అయస్కాంతదిశను తమలో నిలుపుకొనును. ఆ దిశ యుగయుగములందు తారుమారగుచుండును. ఇచ్చటి క్రిందిపొర తారుమారైన దిశను, పైపొర నేటి దిశను చూపుచున్నవి. పశ్చిమకనుమల పైపొరలలోను ఇదే క్రమము కానవచ్చును. అందుచేత లావా ప్రాచీననదుల లోయలవెంట సుమారు 1,000 కిలోమీటర్లు పారివచ్చినదని పెక్కురు శాస్త్రజ్ఞుల మతము. నాకును ఇదియే యుక్తముగా తోచుచున్నది.

అంతదూరము చల్లారక యెట్లు పారెనందురా? కాచిన పాలపై మీగడ కట్టినట్లు లావాపై పెంకు కట్టును. రాయి వేడిని తొందరగా పోనీయదు గనుక, పెంకుక్రింద లావా గొట్టములో నీరువలె సాగిపోవును.

రెండు పొరల నడుమ సున్నపురాయి యున్నది. అందు సముద్రతీరపు నత్తలు, ఆలిచిప్పలు రాయియై నిలిచినవి. నాగపురమున మిషను పాఠశాలను నెలకొల్పిన స్టీఫెన్ హిస్లాప్ దొర 1860లో వీనిని వర్ణించెను. మొదటి వెల్లువ చల్లారిన పిమ్మట సముద్రము దానిపైకి వచ్చెననియు, ప్రాణులు అందు బ్రదికెననియు, ఆ మీదట రెండవ వెల్లువ వచ్చెననియు వీనివలన తెలియుచున్నది. ఈ సున్నపురాతిలోని అతిసూక్ష్మమగు సముద్రజీవుల కవచములు, డైనోసారులు అంతరించిన వెంటనే వచ్చిన కాలమునకు చెందినవని 2008లో ప్రకటింపబడెను. ఆ మహావినాశపు గుర్తు మన గనులలోనే యున్నదన్నమాట!

లావాకును వినాశమునకును సంబంధమేమి? లావాతో గంధకపు వాయువును వెడలును. 1783లో ఐస్‌లాండు ద్వీపమున లాకి యనుచోట నేల పగిలి 8 నెలలు లావా పారెను. సుమారు 12 కోట్ల టన్నుల గంధకపు వాయువు ఆకాశమున కెక్కి, పొగమంచువలె ఐరోపాను కప్పెను. ఐస్‌లాండులో సగమునకు పైగా పశువులు చచ్చెను. కరవువలన జనులలో ఇంచుమించు అయిదవవంతు నశించిరి. అచ్చట పారిన లావా 15 ఘన కిలోమీటర్లైనను లేదు. దక్కను లావా లక్షలకొలది ఘన కిలోమీటర్లు! అయినను అది ఒక్క యేట పారినది కాదు. లక్షలకొలది సంవత్సరములలో విడతలు విడతలుగా పారినది. కావున నేటి శాస్త్రజ్ఞులు పెక్కురు, మెక్సికో తీరమున పడిన గ్రహశకలమే డైనోసారుల నాశమునకు ముఖ్యకారణ మందురు. దక్కను లావా వాయుమండలమును ఎంతవరకు చెరచెనను వాదము ఇంకను తెగలేదు.