రైతుల చేతికి నీటి లెక్క

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరువు పీడిత జిల్లాల్లో 2003లో మొదలైన రైతు నిర్వహణ భూగర్భజల పథకం నీటి ప్రణాళికను కార్యాలయం నుంచి రచ్చబండకు తెచ్చింది. నెదర్లాండ్స్ నిధులతో సాగిన ఈ కృషిలో వర్షపాతాన్నీ, బావుల నీటిమట్టాన్నీ రైతులే కొలిచారు. ప్రణాళికకు హద్దు రెవెన్యూ గ్రామం కాదు, వాగు పరీవాహక ప్రాంతం. రబీకి ముందు భూగర్భంలో నీరెంత ఉన్నది, వేయదలచిన పైర్లకు ఎంత కావలెనన్నది అందరూ కూర్చొని లెక్కగట్టేవారు. లోటు తేలినచో వరి తగ్గించుకొని ఆరుతడి పైరుకు మారాలా వద్దా అన్నది ఎవరి నిర్ణయం వారిదే, జరిమానా లేదు. పద్ధతి బలమూ బలహీనతా అదే. బోరు ఎండినచో అప్పు మిగిలేది తనకే గనుక రైతు ఆ లెక్కను తేలికగా తీసుకోలేడు. అయితే పొరుగు పొలంలో వరి నాటినచో ఆపే అధికారం సంఘానికి లేదు; 2004 నుంచి వ్యవసాయ విద్యుత్తు ఉచితమైనందున నీరు తోడుటకు ఖర్చూ అడ్డు కాదు.