ఎక్స్-రేలో కనిపించని మోకాలి గాయం

కబడ్డీలో కూతకు వెళ్ళిన కుర్రవాడు పట్టు తప్పించుకోవాలని చటుక్కున పక్కకు తిరుగుతాడు. పాదం నేలమీదే నాటుకుపోతుంది, ఒళ్ళు మాత్రం తిరుగుతుంది. మోకాలిలో ‘టప్’మన్న చప్పుడు. రెండు గంటలు గడవకముందే మోకాలు బూరెలా ఉబ్బుతుంది. ఆస్పత్రిలో ఎక్స్-రే తీసి ‘ఎముక విరగలేదు’ అంటారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

మోకాలిని మనం తలుపు బందులాంటిదనుకుంటాం. నిజానికి గుండ్రని తొడ ఎముక చివర, దాదాపు చదునైన కాలి ఎముక తలమీద ఊరికే ఆనుకుని ఉంటుంది. అవి విడిపోకుండా పట్టి ఉంచేవి నాలుగు ముఖ్యమైన బంధనాలు, అంటే లిగమెంట్లు. కీలు నడుమ ఏటవాలుగా ఉండే ఎ.సి.ఎల్. అనేది కాలి ఎముకను ముందుకు జారనివ్వదు. ఎముకల మధ్య అర్ధచంద్రాకారంలో రెండు మృదులాస్థి దిండ్లుంటాయి. ఎక్స్-కిరణాలను బాగా అడ్డుకునేది ఎముకలోని కాల్షియం. బంధనాలూ దిండ్లూ ఫిల్ముమీద కనబడవు. కనుక ఎక్స్-రే బాగుందంటే ఎముకలు బాగున్నాయనే అర్థం.

అలాగని ఎక్స్-రే వృథా కాదు. అది ఎవరికి అవసరమో తేల్చడానికి కెనడాలోని ఒటావా వైద్యులు 1990లలో ఒక సూత్రం రూపొందించారు. దెబ్బ తగిలాక నాలుగడుగులు వేయలేకపోయినా, మోకాలిని 90 డిగ్రీలు మడవలేకపోయినా, వయస్సు 55 నిండినా, మోకాలి చిప్పమీదగాని, కీలు వెలుపలివైపు పిక్క ఎముక తలమీదగాని నొక్కితే నొప్పెట్టినా తీయించాలి.

బంధనం సంగతి తేల్చేది ముందుగా వైద్యుని చెయ్యి. మోకాలిని 20-30 డిగ్రీలు వంచి, తొడను ఒక చేత్తో పట్టి, రెండో చేత్తో కాలిని ముందుకు లాగుతాడు. బంధనం తెగితే ఆ కాలు రెండోదానికంటే ఎక్కువ జారుతుంది. దీన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. అయితే తొలిరోజు వాపుకూ నొప్పికీ కండరాలు బిగుసుకుని ఈ పరీక్షను మోసగిస్తాయి. అందుకే వారం పదిరోజులకు, వాపు తీసి హాయిగా నడుస్తున్నా సరే, మళ్ళీ చూపించుకోవాలి. మనవాళ్ళు ఎగవేసేది సరిగ్గా ఈ రెండో దర్శనాన్నే! ఎం.ఆర్.ఐ. అవసరమా అన్నది అప్పుడు తేలితే చాలు. చాలామంది తొలిరోజే ఆ ఖర్చుకు పరుగెత్తనక్కర్లేదు.

తెగిన సంగతి తెలియక మైదానంలోకి దిగితే మోకాలు ఉన్నట్టుండి పట్టు తప్పుతుంది. అలా తప్పినప్పుడల్లా లోపలి దిండ్లు నలుగుతాయి. వాటి వెలుపలి అంచుకే రక్తప్రసారం ఉంటుంది కాబట్టి లోపలి చీలిక సులువుగా మానదు. తెగిన ప్రతివారికీ ఆపరేషన్ అక్కర్లేదు, తొడ కండరాలను బలపరిచే వ్యాయామంతో నెట్టుకొచ్చేవారున్నారు. కాని వ్యాయామమైనా గాయం పేరు తెలిశాకే.

తొలి రెండు మూడు రోజులు మర్దనా, వేడి కాపడం వద్దు. లోపలి నెత్తురు పెరుగుతుంది. మోకాలు చాపడానికి రాకుండా బిగుసుకుపోతే త్వరగా చూపించాలి. ప్రమాదం తర్వాత పాదం చల్లబడినా, పాలిపోయినా క్షణం ఆగకండి. మోకాలి వెనుక ధమని దెబ్బతిని ఉండవచ్చు, ఆరేడు గంటలు దాటితే కాలికే ముప్పు.

వైద్యునికి నాలుగు సంగతులు చెప్పండి: కాలు ఎటు మెలిపడింది, చప్పుడైందా, వాపు ఎన్ని గంటల్లో వచ్చింది, తర్వాత ఎప్పుడైనా పట్టు తప్పిందా. గంటా రెండు గంటల్లోనే వచ్చిన వాపు తరచు నెత్తురే. మర్నాటికి నెమ్మదిగా వచ్చినది చాలావరకు కీలులో ఊరిన నీరు.