గంగ్రేల్‌లో గాలం వేటకు ఎన్ని హెచ్‌పీ కావాలి? పడవ ఇంజిన్ శక్తికీ పెట్రోలు ఖర్చుకీ మధ్య లెక్క ఇదీ

రాయ్‌పూర్ నుంచి ధమ్తరీ మీదుగా సుమారు 90 కిలోమీటర్లు వెళ్తే గంగ్రేల్ వస్తుంది. మహానదిపై కట్టిన ఈ జలాశయం అధికారిక పేరు రవిశంకర్ సాగర్. సెలవు రోజుల్లో బోటు షికారుకు వచ్చేవాళ్లే ఇక్కడ ఎక్కువ. సొంతంగా చిన్న పడవ కొనుక్కుని, సరదాగా గాలం వేద్దామనుకునేవాళ్లు తక్కువే గానీ, ఉన్నారు. విశాఖ నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడ్డ మిత్రుడొకరు ఈమధ్య ఇలా అడిగారు: "16 అడుగుల పడవకు 40 హెచ్‌పీ ఇంజిన్ తీసుకోమంటున్నారు. మా వైపు 10 హెచ్‌పీ పెట్టుకుని సముద్రంలోకే వెళ్తారు కదండీ. చెరువులాంటి నీళ్లకు అంత ఎందుకు?"

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే సగం జవాబు ఇంజిన్‌లో ఉంటే, మిగతా సగం పడవ అడుగుభాగంలో ఉంది.

పడవ పొడవే వేగానికి హద్దు

నీటిని పక్కకు తోసుకుంటూ వెళ్లే పడవ తానే పుట్టించిన అలకు చిక్కుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ ముందు లేచే అల పొడవు పెరుగుతుంది. ఒక దశ దాటాక పడవ ఆ అల మీదికి ఎగబాకాల్సి వస్తుంది. ఆ దశ ఎక్కడొస్తుందో చెప్పడానికి పడవలు కట్టేవాళ్లు వాడే లెక్క తేలికే: నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాటికల్ మైళ్లలో గంట వేగం వస్తుంది. 16 అడుగుల పడవలో నీటిని తాకేది 15 అడుగులనుకుంటే, ఆ హద్దు గంటకు దాదాపు 9.6 కిలోమీటర్లు. అంతవరకూ వెళ్లడానికి తేలికైన పడవకు 4, 5 హెచ్‌పీ చాలు.

ఇప్పుడు ఆంధ్ర తీరంలోని ఫైబర్ బోటు సంగతి చూడండి. నీటిని తాకే పొడవు 25 అడుగులుంటే హద్దు 12 కిలోమీటర్లు దాటుతుంది. బోటు పొడవుగా, సన్నగా ఉండటంతో చిన్న ఇంజిన్‌తోనే ఆ వేగం దక్కుతుంది. సముద్రంలో 10 హెచ్‌పీ సరిపోవడానికి ప్రధాన కారణం ఆ పొడవే. మన పొట్టి పడవకు అది వర్తించదు.

హద్దు దాటాలంటే పడవ నీటిని చీల్చడం మానేసి, నీటి పైకి లేచి జారాలి. అడుగు చదునుగా ఉండి, బరువు తక్కువగా ఉంటే గంటకు 20, 25 కిలోమీటర్ల దగ్గర అది జరుగుతుంది. అక్కడిదాకా నెట్టడానికే పెద్ద ఇంజిన్ కావాలి.

గంటకు ఎంత తాగుతుంది?

ఫోర్-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ పూర్తి త్రాటిల్‌లో ఒక్కో హెచ్‌పీకి గంటకు సుమారు 0.3 లీటర్ల పెట్రోలు తాగుతుంది. అంటే 10 హెచ్‌పీకి 3 లీటర్లు, 20కి 6, 40కి 12. లీటరు వంద రూపాయలు అనుకుంటే, 40 హెచ్‌పీని గంటసేపు పూర్తిగా తొక్కితే పన్నెండు వందలు నీళ్లపాలు. పాత కార్బురేటర్ టూ-స్ట్రోక్‌లు ఇంతకంటే మూడో వంతు నుంచి సగం దాకా ఎక్కువే తాగుతాయి.

కానీ గంటకు ఎన్ని లీటర్లన్నది సగం సమాచారమే. చూడాల్సింది లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నది. ఉదాహరణకు ఇద్దరు కూర్చున్న తేలికపాటి 16 అడుగుల అల్యూమినియం పడవను తీసుకుందాం. 10 హెచ్‌పీతో నెమ్మదిగా, గంటకు 8 కిలోమీటర్లు పోతే లీటరు పెట్రోలు ఖర్చవుతుందనుకోండి. అప్పుడు మైలేజీ 8. అదే ఇంజిన్‌ను పూర్తిగా తొక్కితే పడవ ముక్కు పైకెత్తి, 12 కిలోమీటర్ల దగ్గర ఆయాసపడుతుంది. గంటకు 3 లీటర్లు పోతాయి కాబట్టి మైలేజీ 4కు పడిపోతుంది. అక్కడే 20 హెచ్‌పీ ఉంటే పడవ పైకి లేచి, ముప్పావు త్రాటిల్‌లో 28 కిలోమీటర్లు పోతుంది. గంటకు 5 లీటర్లు అయినా మైలేజీ 5.6 వస్తుంది. (ఇవి లెక్క తేలడానికి వేసుకున్న అంకెలు. మీ పడవలో మారతాయి.)

పైకి లేవనూ లేక, నెమ్మదిగానూ వెళ్లక మధ్యలో ఇరుక్కున్న పడవే అన్నిటికన్నా ఎక్కువ పెట్రోలు తాగుతుంది. "చిన్న ఇంజిన్ అంటే పొదుపు" అనుకుని, దాన్ని రోజంతా చివరిదాకా తొక్కేవాళ్లు పడేది ఈ గుంటలోనే. ఒడ్డు దగ్గరే తిరుగుతూ గాలం వేసేవాళ్లకు 10 చాలు. అవతలి కొసకు వెళ్లి సాయంత్రంలోగా తిరిగి రావాలంటే 20. ఇద్దరి కోసం 40 అవసరమని నాకైతే అనిపించదు. పైగా అంత బరువును, అంత శక్తిని మోసేలా పడవ వెనక చెక్క కట్టి ఉందో లేదో కూడా చూడాలి. తయారీదారు పడవ మీద రాసిన గరిష్ఠ హెచ్‌పీని దాటకూడదు.

కొనేటప్పుడు ఇంకొక విషయం గమనించాలి. సుజుకీ డీఎఫ్9.9బీ, డీఎఫ్15ఏ, డీఎఫ్20ఏ మూడింటి ఇంజిన్ పరిమాణమూ 327 సీసీయే, బరువులో పెద్ద తేడా లేదు. కాబట్టి 10 నుంచి 20కి వెళ్లినంత మాత్రాన పడవ మీద భారం పెరగకపోవచ్చు.

ఎండ ప్రభావం కూడా ఉంటుంది. గంగ్రేల్ సముద్రమట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తున ఉంది. దానివల్ల గాలి పలచబడి 3, 4 శాతం, 40 డిగ్రీల వేడికి మరో 5 శాతం శక్తి పోతుంది. మే నెలలో మీ 10 హెచ్‌పీ నిజానికి 9 చిల్లరే. ఇంజిన్ పూర్తి త్రాటిల్‌లో కూడా మాన్యువల్‌లో చెప్పిన ఆర్‌పీఎం అందుకోకపోతే ప్రొపెల్లర్ పిచ్ ఒక అంగుళం తగ్గించి చూడాలి. సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. కొత్త ఇంజిన్‌తో పోలిస్తే దీని ఖర్చు ఎంతో తక్కువ.

టూ-స్ట్రోక్ పొగ ఎక్కడికి పోతుంది?

తేలిక, చవక, మరమ్మతు సులువు అని పాత రకం టూ-స్ట్రోక్‌ను ఇష్టపడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆర్‌ఎక్స్ 100 మీద పెరిగిన తరానికి ఆ ఇష్టం అర్థమవుతుంది. కానీ ఆ ఇంజిన్‌లో కొత్త పెట్రోలు మిశ్రమం లోపలికి వచ్చేటప్పటికి పొగ బయటికి వెళ్లే దారి కూడా తెరిచే ఉంటుంది. పావు వంతు దాకా పెట్రోలు, నూనెతో సహా, కాలకుండానే బయటికి పోతుంది. బైకులో అది గాలిలో కలిస్తే, అవుట్‌బోర్డ్‌లో నేరుగా నీళ్లలో కలుస్తుంది. అమెరికాలోని లేక్ తాహోలో 1999లోనే కార్బురేటర్ టూ-స్ట్రోక్‌లను నిషేధించింది ఇందుకే. గంగ్రేల్ నీళ్లు పొలాలకే కాదు, రాయ్‌పూర్ కుళాయిలకూ వస్తాయి. కొనేవాళ్లు మైలేజీతో పాటు ఈ సంగతీ ఆలోచించాలి.

ఈ20తో అసలు చిక్కు

2025 నాటికి దేశంలో బంకుల్లో మామూలుగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. ప్రధాన అవుట్‌బోర్డ్ కంపెనీల మాన్యువల్స్ సాధారణంగా అనుమతించేది 10 శాతం దాకానే. అమెరికాలో 15 శాతం కలిపినది కూడా పడవల్లో పోయకూడదని పర్యావరణ సంస్థ నిబంధన. మన దగ్గర ఈ20 చర్చంతా కార్లు, బైకుల చుట్టూనే తిరిగింది.

మైలేజీ నష్టం చిన్న విషయమే. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి ఈ20లో మొత్తం 7 శాతం దాకా తగ్గుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకోవడంతోనే పెద్ద ఇబ్బంది. పడవ ట్యాంకుకు గాలి రంధ్రం ఉంటుంది, చుట్టూ తేమ ఉంటుంది. పీల్చుకున్న నీరు హద్దు మీరితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. ఇంజిన్‌కు ముందుగా అందేది ఆ అడుగు పొరే. పాత కార్బురేటర్లలోని రబ్బరు భాగాలూ దెబ్బతింటాయి.

ఛత్తీస్‌గఢ్‌లో ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు నదులు, జలాశయాల్లో చేపల వేటపై నిషేధం ఉంటుంది. అంటే ఏడాదిలో తేమ ఎక్కువగా ఉండే రెండు నెలలూ ఇంజిన్ షెడ్డులో పడి ఉంటుంది. ఆ ముందురోజే ట్యాంకులో మిగిలింది తీసి బైకులో పోసేయాలి. పెట్రోలు గొట్టం ఊడదీసి, కార్బురేటర్ ఇంజిన్ అయితే ఆగిపోయేదాకా నడపాలి. నడిపేటప్పుడు కింది భాగం నీళ్లలో ఉండాలి, లేకపోతే చల్లబరిచే పంపు పాడవుతుంది. నీటిని వేరుచేసే ఫిల్టరు ఒకటి బిగించుకుంటే మంచిది. నిషేధం అయ్యాక కొత్త పెట్రోలుతోనే మొదలుపెట్టాలి.

బ్యాటరీ మోటారు మాటేమిటి? 12 వోల్టుల ట్రోలింగ్ మోటారు పూర్తి జోరులో 600 వాట్ల దాకా లాగుతుంది. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగమే వాడటం మంచిది కాబట్టి గంట వస్తుంది, నెమ్మదిగా పోతే ఇంకా ఎక్కువ. చిన్న చెరువులో చప్పుడు లేకుండా చేపల దగ్గరికి వెళ్లడానికి దీన్ని మించింది లేదు. గంగ్రేల్ వంటి చోట ఎదురుగాలి మొదలయ్యాక దీన్నొక్కదాన్నే నమ్ముకోలేం.

దుకాణంలో చెప్పే మైలేజీని సరిచూడటం కష్టమేమీ కాదు. ట్యాంకును గుర్తు దాకా నింపి, ఎప్పుడూ తీసుకెళ్లే మనుషులు, సామానుతో ఫోన్ జీపీఎస్ పెట్టుకుని 5 కిలోమీటర్లు వెళ్లి, అదే వేగంతో తిరిగి రావాలి. రానూపోనూ కొలిస్తే గాలి ప్రభావం చాలావరకు సర్దుకుంటుంది. మళ్లీ గుర్తు దాకా ఎంత పోయాల్సి వచ్చిందో కొలిచి, 10ని దానితో భాగించాలి. ఇలా మూడు వేగాల దగ్గర చేస్తే మీ పడవ ఎక్కడ ఆయాసపడుతుందో తెలిసిపోతుంది. మిత్రుడు ప్రస్తుతానికి 20 హెచ్‌పీ వైపు మొగ్గుతున్నారు.