ఏటేటా అదే ఆట!

మే నెలాఖరు. ఉత్తరాంధ్ర ఇళ్లలో ఆవకాయ జాడీలు అటకెక్కే వేళ. జూన్‌లో బళ్లు తెరుస్తారు కాబట్టి ఫీజులు, పుస్తకాలు, బూట్లు, బ్యాగులు అంటూ ఇంటి పెద్ద చీటీ రాసుకుంటుంటాడు. సరిగ్గా అప్పుడే పుత్రరత్నం మెల్లగా పక్కన చేరి 'కొత్త ఎఫ్1 వచ్చింది నాన్నా' అంటాడు.

'ఏటిరా, నిరుడు కొన్న కార్లు అప్పుడే పాతబడిపోనాయేటి?'

గరివిడిలో ఏ తండ్రి నోటి వెంటయినా ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. వినడానికి అమాయకంగా ఉంది కానీ, ప్రపంచవ్యాప్తంగా రేసింగ్ వీడియో గేములు ఆడేవాళ్లు కొన్నేళ్లుగా కంపెనీల్ని నిలదీస్తున్నది కూడా అక్షరాలా ఈ మాటే!

ఫార్ములా వన్ రేసులు టీవీలో చూసేవాళ్లకు తెలుసు... ప్రతి మార్చిలోనూ కొత్త సీజన్ మొదలవుతుంది. జట్లు కార్లను కొత్తగా తయారు చేసుకుంటాయి, డ్రైవర్లు జట్లు మారతారు. వాటన్నిటితో పాటు ఓ వీడియో గేమూ వస్తుంది. ఎఫ్1 23 వచ్చింది 2023 జూన్ 16న. ఎఫ్1 24... 2024 మే 31న. ఎఫ్1 25... 2025 మే 30న. బడి ఫీజుల ముహూర్తానికే సుమండీ! అమెరికాలో అరవై డెబ్భై డాలర్లు, మన దగ్గర కొత్తగా వచ్చినప్పుడు నాలుగు వేల రూపాయల చుట్టుపక్కల ధర. పేరు పక్కన అంకె మారుతుంది. కొన్ని కార్ల రంగులు మారతాయి. లోపల ఎంత మారిందన్నదే తగవు.

డబ్బు కట్టాక కూడా ఓ తిప్పలుంది. కంప్యూటర్లో ఎఫ్1 25 పెట్టుకోవాలంటే వంద జీబీ చోటు కావాలి. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే సరే. సెల్‌ఫోన్‌లో రోజుకు రెండు జీబీ వచ్చే డేటాతోనే దించుకోవాలంటే లెక్క చూడండి... యాభై రోజులు! ఆట మొదలుపెట్టేసరికి ఆషాఢం కూడా వచ్చేస్తుంది.

గంటకు పది రూపాయల కాలం

మాంగనీసు గనులు, ఫేకర్ కర్మాగారం, హౌరా-చెన్నై లైను మీద ఓ రైల్వే స్టేషను... గరివిడి అంటే చాలామందికి గుర్తొచ్చేవి ఇవి. అటు చీపురుపల్లి, ఇటు విజయనగరం. ఇలాంటి ఊళ్ల కుర్రాళ్లకు కార్ల ఆటను పరిచయం చేసింది ఇంట్లో కంప్యూటర్ కాదు, నెట్ సెంటర్. గంటకు పదో, పదిహేనో. ఈమెయిల్ చూసుకుంటామని ఇంట్లో చెప్పి వెళ్లి, స్టీరింగు లేని కారును నాలుగు బాణం గుర్తుల మీటలతో తోలినవాళ్లు ఇప్పుడు ముప్పై అయిదు దాటిన సంసారులు.

వాళ్లలో ఎవరినైనా కదిపి చూడండి. 'నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్' అనగానే మొహం వెలిగిపోతుంది. 2005 నవంబరులో వచ్చిన ఆట అది. వెండిరంగు మీద నీలం చారల బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్, వెంటపడే పోలీసులు, ఒక్కొక్కరినే ఓడిస్తూ పోవాల్సిన పదిహేను మంది మొనగాళ్లు, అందరికన్నా పైన కూర్చున్న రేజర్ అనేవాడు... తెలుగు సినిమాకు తక్కువేం కాదు. అసలు సీడీ ఎవరు కొన్నారులెండి! ఒకటే కాపీ సెంటర్లో ఉన్న కంప్యూటర్లన్నిటికీ ఎక్కేది.

విశేషమేమిటంటే, ఆ ఆట కూడా ఏటేటా వచ్చే వరసలోదే. 2003లో అండర్‌గ్రౌండ్, 2004లో దాని రెండో భాగం, 2005లో మోస్ట్ వాంటెడ్, 2006లో కార్బన్, 2007లో ప్రోస్ట్రీట్, 2008లో అండర్‌కవర్. కంపెనీ దీపావళి టపాకాయల్లా ఏడాదికొకటి వదిలింది. కానీ నెట్ సెంటర్లు అన్నిటినీ అందుకోలేదు. పాత కంప్యూటర్లు కొత్త ఆటను మోయలేకపోవడం ఒక కారణమైతే, కుర్రాళ్లకు మోస్ట్ వాంటెడ్ మీద మోజు తీరకపోవడం ఇంకో కారణం. నచ్చిన ఆటను మూడేళ్లు ఆడారు, నాలుగేళ్లు ఆడారు. 'ఇది పాతబడింది, వదిలెయ్' అని చెప్పినవాడు లేడు. ఏది పాతదో, ఎప్పుడు పాతదో తేల్చే హక్కు అప్పట్లో ఆడేవాడి చేతిలోనే ఉంది.

ఇప్పుడు చెయ్యి జారింది దరిదాపు ఆ హక్కే.

అలసిపోయిన గుర్రం

ఏడాదికొక ఆట తీయడం మాటలు కాదు. కార్బన్, ప్రోస్ట్రీట్, అండర్‌కవర్... ఇవన్నీ చేసింది కెనడాలో వాంకూవర్ దగ్గరి బ్లాక్ బాక్స్ అనే స్టూడియో. ఒకటి అంగట్లోకి వెళ్లకముందే మరొకటి పొయ్యి మీదికి ఎక్కించాలి. ప్రోస్ట్రీట్‌లో పోలీసుల్ని తీసేసి కార్లను మూసి ఉన్న ట్రాకుల్లోకి పంపితే ఆడేవాళ్లు పెదవి విరిచారు. మరుసటి ఏడాది పోలీసులు తిరిగొచ్చారు గానీ, ఆట తొందర తొందరగా చుట్టేసినట్టుందని విమర్శలు వచ్చాయి. ఆ ఆటల్ని అమ్మే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీకి అప్పటి అధిపతి జాన్ రిచిటీలో తర్వాత దాచుకోకుండా ఒప్పుకున్నారు... ఒకే బృందాన్ని విశ్రాంతి లేకుండా ఏటా పరుగెత్తించి అలవగొట్టామని! ఆపైన రెండు బృందాలకు పని పంచి, ఒక్కోదానికి రెండేళ్ల గడువిచ్చారు. బ్లాక్ బాక్స్ మాత్రం 2013లో మూతపడింది. 2014లో ఆ వరసలో కొత్త ఆటే రాలేదు.

పాఠం నేర్చుకున్నట్టే కనిపించింది. కానీ 2015లో వచ్చిన ఆటను ఒంటరిగా ఆడుకోవాలన్నా ఇంటర్నెట్ ఉండి తీరాలన్నారు. 2017లో వచ్చిన 'పేబ్యాక్'లో కారును మెరుగుపరచుకోవాలంటే జూదంలో చక్రం తిప్పినట్టు తిప్పి, అదృష్టం కొద్దీ వచ్చే కార్డుల కోసం ఎదురుచూడాలి. డబ్బు పెట్టి కొన్న ఆటలో ఈ తిప్పుడేమిటని గగ్గోలు పుట్టాక కంపెనీ కొంత సడలించింది.

ఒక ఏడాది వడ్డించి...

ఫార్ములా వన్ ఆటది ఇంకో కథ. దాన్ని ఇంగ్లండ్‌లోని కోడ్‌మాస్టర్స్ సంస్థ చేస్తుంది. ఈ సంస్థను 2021లో ఎలక్ట్రానిక్ ఆర్ట్సే కొనేసింది. కోడ్‌మాస్టర్స్ 2010లో తెచ్చిన మొదటి పెద్ద ఆటకు మరుసటి ఏడాది బ్రిటన్ బాఫ్టా అవార్డు కూడా వచ్చింది.

మనవాళ్లకు దానితో ప్రత్యేకమైన బంధం ఉంది. ఎఫ్1 2011 ఆట అంగట్లోకి వచ్చింది ఆ ఏడాది సెప్టెంబరులో. ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో తొలి రేసు జరిగింది అక్టోబరు 30న. అంటే వెటెల్, హామిల్టన్‌లు రేసులో దిగకముందే మన కుర్రాళ్లు ఇళ్లలో కూర్చుని ఆ మలుపులన్నీ తిరిగేశారన్నమాట! 2012 ఆటలో నరైన్ కార్తికేయన్ ఉన్నాడు, ఫోర్స్ ఇండియా జట్టు ఉంది. బుద్ధ్ సర్క్యూట్‌లో రేసులు 2013తో ఆగిపోయాయి. ఆటలోంచీ ట్రాకు మాయమైపోయింది. ఆ ట్రాకు మీద కారు తోలాలంటే ఆ మూడేళ్ల ఆటలే గతి. వాటినేమో తర్వాత ఆన్‌లైన్ దుకాణాల్లోంచే తీసేశారు.

ఆడేవాళ్ల కడుపుమంట ఎక్కడ మొదలైందో చూడాలంటే 2015కు రావాలి. కొత్త యంత్రాల కోసం ఆటను తిరగరాశామన్నారు, బొమ్మలు బాగున్నాయి. తీరా తెరిచి చూస్తే డ్రైవరుగా ఏళ్ల తరబడి ఎదిగే 'కెరీర్' భాగమే లేదు! అది 2016లో తిరిగొచ్చింది. అంటే లేకుండా చేసిన దాన్నే కొత్త సంగతిగా మళ్లీ అమ్మారు. 2021లో 'బ్రేకింగ్ పాయింట్' అనే కథ పెట్టారు, బాగుందన్నారు. 2022లో తీసేశారు. దాని బదులు ఆటగాడికో ఇల్లు, అందులో సోఫాలు, బట్టలు! కారు సంగతి చూడండి బాబూ అంటే సోఫా చూపించారని జనం నెత్తి కొట్టుకున్నారు. 2023లో కథ మళ్లీ వచ్చింది. 2024లో మళ్లీ లేదు. 2025లో మళ్లీ ఉంది. ఒక ఏడాది వడ్డించి, మరుసటి ఏడాది విస్తరి ఎత్తేయడం!

అన్నిటికన్నా పెద్ద రభస 2024 ఆటతో వచ్చింది. కారు నడిచే తీరునే మార్చామని, ప్రపంచ ఛాంపియన్ వెర్స్టాపెన్ సలహాలు కూడా తీసుకున్నామని గొప్పగా చెప్పారు. తీరా చూస్తే మలుపుల్లో కారు తీరు అసలు కారులా లేదని, ముఖ్యంగా స్టీరింగు చక్రం కొనుక్కుని ఆడేవాళ్లు మండిపడ్డారు. ఆట అమ్మే చోటే తిట్లతో సమీక్షలు వెల్లువెత్తాయి. కొద్ది వారాల్లోనే దాన్ని సరిచేస్తూ మరమ్మతు ప్యాచ్ పంపాల్సి వచ్చింది.

కంపెనీ వైపు న్యాయమూ లేకపోలేదు. అసలు రేసులు ఏటా మారుతుంటే ఆట మారకుండా ఎలా? జట్ల పేర్లు, ట్రాకులు అన్నీ ఒప్పందాల మీద వాడుకునేవే. సీజన్ మార్చిలో మొదలైతే ఆట మేలోనో జూన్‌లోనో రావాలి. లోపాలు దిద్దుతూనే పక్క గదిలో వచ్చే ఏడాది ఆట మొదలెట్టాలి. పైగా తిట్టినవాళ్లే మళ్లీ కొంటారు! ఎందుకంటారా? స్నేహితులంతా కొత్త ఆటలోకి వెళ్లిపోతే పాత దానిలో ఆన్‌లైన్ పోటీకి మనిషి దొరకడు. జాతర అయిపోయిన మైదానంలో ఒక్కడే రంగులరాట్నం ఎక్కినట్టు.

కొన్నాం గానీ...

ఏటా కొనకుండా పాతదే ఆడుకుంటానంటారా? అదీ పూర్తిగా మన చేతుల్లో లేదు. ఆటల్లోని కార్ల పేర్లు, పాటలు అద్దె ఇళ్ల లాంటివి, గడువు తీరితే ఖాళీ చేయాలి. 2021 మే 31న కార్బన్, అండర్‌కవర్‌తో పాటు మరో మూడు నీడ్ ఫర్ స్పీడ్ ఆటల్ని అమ్మకం నుంచి తీసేశారు. ఆగస్టు ఆఖరుకు వాటి సర్వర్లూ ఆగిపోయాయి. 2024 డిసెంబరు 15న ఫోర్జా హొరైజన్ 4 వంతు వచ్చింది. అప్పటికే కొన్నవాళ్లు మాత్రం ఆడుకోవచ్చు.

'ది క్రూ' కొన్నవాళ్లకు ఆ భాగ్యమూ దక్కలేదు. 2014లో ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ తెచ్చిన కార్ల ఆట అది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకునేవాళ్లకూ ఆట తెరుచుకోవడం మానేసింది. డబ్బిచ్చి కొన్న వస్తువు అలమరలో ఉన్నట్టే ఉంది, పని మాత్రం చేయదు! దాని మీద రాస్ స్కాట్ అనే యూట్యూబరు 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అనే ఉద్యమం మొదలుపెట్టాడు. ఐరోపా సమాఖ్యకు పెట్టుకున్న అర్జీ మీద 2025 జులైకి పది లక్షల సంతకాలు దాటాయి. ఈలోగా యూబీసాఫ్ట్ ఆ వరసలోని తర్వాతి రెండు ఆటల్ని ఇంటర్నెట్ లేకుండా కూడా ఆడే వీలు కల్పిస్తామని ప్రకటించింది.

మోస్ట్ వాంటెడ్ పాత సీడీ ఎవరి ఇంట్లోనైనా గీతలు పడకుండా ఉంటే, పాత కంప్యూటర్లో పెట్టగానే ఇవాళ్టికీ ఆడుతుంది. ఇంటర్నెట్ అడగదు. ఆ 2005 నాటి ఆటను కంపెనీ ఆన్‌లైన్ దుకాణంలో కొందామంటే మాత్రం దొరకదు.

ఇక ఎఫ్1 సంగతి. 2026లో ఫార్ములా వన్ నిబంధనలు మారాయి, ఇంజిన్లో కరెంటు వాటా బాగా పెరిగింది, ఆడి, క్యాడిలాక్ జట్లు వచ్చాయి. ఇంత మార్పు వచ్చిన ఏడాదికే కొత్త ఆట తీయబోమని కంపెనీ 2025 నవంబరులో ప్రకటించింది. ఎఫ్1 25 ఉన్నవాళ్లకే 2026 కార్లు, డ్రైవర్లతో అదనపు భాగం, కొత్త ఆట 2027లో అని చెప్పింది. పదిహేనేళ్లుగా వరస తప్పని క్యాలెండరు తొలిసారి ఆగింది. ఏటా తీయకండి, కాస్త ఊపిరి తీసుకోండని మొత్తుకున్నవాళ్లు సంతోషించారు.

అయితే ఆ అదనపు భాగం ఉచితం కాదు. దానికీ డబ్బు కట్టాల్సిందే.