సూర్యుడి కోసం సొంత అబ్జర్వేటరీ!

ఒక్కసారి కనిపించి మాయమైన బగ్ గురించి చెప్తే టీంలో ఎవరూ నమ్మరు. రిచర్డ్ క్యారింగ్టన్‌కీ అదే భయం పట్టుకుంది.

ఇంగ్లండ్‌లోని రెడ్‌హిల్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టుకుని, 1853 నుంచి సూర్యుడి మచ్చల లెక్కలు రాసేవాడాయన. 1859 సెప్టెంబర్ 1న ఆ మచ్చల మీద కళ్లు చెదిరే తెల్లటి మెరుపు! సాక్షి కోసం పరుగెత్తాడు. నిమిషంలోపే తిరిగొచ్చి చూస్తే, అప్పటికే వెలుగు తగ్గిపోయింది. అదృష్టం బాగుండి, హాడ్జ్‌సన్ అనే ఇంకో ఆయన కూడా వేరేచోట నుంచి దాన్ని చూశాడు. మర్నాటికల్లా టెలిగ్రాఫ్ లైన్లు అస్తవ్యస్తం!

అప్పటికే తండ్రి పోయి, బీరు తయారీ వ్యాపారం నెత్తిన పడింది. 1861లో అబ్జర్వేటరీ వదులుకున్నాడు. కానీ సూర్యుడి నడుం భాగం ధ్రువాలకన్నా వేగంగా తిరుగుతుందని తేల్చింది ఆయన లెక్కలే.

ఇప్పుడు మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 సూర్యుణ్ని చూస్తోంది. దానికి సాక్షి అక్కర్లేదు, డేటా చాలు!