పాత రేసు పడవ చరిత్ర దాని అడుగులోనే

అరవై ఏళ్ల నాటి సముద్రపు రేసు పడవ ఒకటి ఏదో షెడ్డులో బయటపడిందనుకుందాం. ఇంజన్లు ఎప్పుడో తీసి అమ్మేశారు. స్పాన్సర్ మారినప్పుడల్లా పక్కల మీద పేరు మారింది, గీకి చూస్తే రంగు కింద రంగు. మధ్యలో ఎవరో విహారానికి పనికొస్తుందని పైన చిన్న గది కట్టించారు. దీన్ని కాపాడాలంటే ముందు తేల్చవలసింది ఇది ఏ పడవ, ఏ తరగతికి చెందినది అన్నదే. అక్కడ పొరపాటు జరిగితే మరమ్మతు కూడా దారి తప్పుతుంది. ఒకసారి కోసి, రుద్ది, కొత్త పొర వేశాక పాత ఆధారం మళ్లీ దొరకదు.

పవర్‌బోట్ రేసు అనగానే తెలుగువారికి 2018 నవంబరులో విజయవాడ వద్ద కృష్ణా నదిలో జరిగిన ఎఫ్‌1 హెచ్‌2ఓ పోటీలు గుర్తుకు రావచ్చు. అవి నది నీటిలో, గుర్తులు పెట్టిన మార్గం చుట్టూ తిరిగే పోటీలు. ఆఫ్‌షోర్ రేసు తీరు వేరు. అందులో పడవలు తీరం వదిలి, అలల మీదుగా పదుల మైళ్లు, ఒక్కోసారి వందల మైళ్లు దూసుకుపోవాలి. రెండు రకాల పోటీలకూ అంతర్జాతీయ నిబంధనలు రూపొందించేది యూఐఎం అనే సమాఖ్యే. అయితే పడవకు పెట్టే పరీక్ష ఒకటి కాదు. నదిలో గెలిపించేది వేగం. సముద్రంలో ఆ వేగంతో అలను ఢీకొని విరగకుండా నిలవాలి.

ఈ తేడా 1960లో లోకానికి తెలిసివచ్చింది. అమెరికాలోని మయామీ నుంచి బహామాస్‌లోని నాసౌకు 1956లో మొదలైన రేసు అది. 1960లో సముద్రం బాగా రేగి ఉంది. రిచర్డ్ బెర్‌ట్రామ్‌కు చెందిన 31 అడుగుల చెక్క పడవ ‘మాపీ’ దాదాపు 8 గంటల్లో గమ్యం చేరింది. ఆ రోజే గమ్యం చేరిన మరో పడవ ఒక్కటే. రెండింటి అడుగునూ రూపొందించినది రేమండ్ హంట్. చదునుగా ఉండవలసిన అడుగు వెనుక చివరి దాకా లోతైన ‘వి’ ఆకారంలో ఉండటమే ఆయన చేసిన మార్పు. మాపీ అడుగు వాలు దాదాపు 24 డిగ్రీలు.

వాలు ఎందుకు అంత ముఖ్యం? వేగం అందుకున్న పడవ నీటిని చీల్చుకుంటూ పోదు, నీటిపైకి లేచి జారుతుంది. అల శిఖరం దాటాక గాలిలోకి ఎగిరి మళ్లీ నీటి మీద పడుతుంది. అడుగు చదునుగా ఉంటే ఆ దెబ్బంతా ఒక్క క్షణంలో తగులుతుంది. వాలుగా ఉంటే కత్తిలా కొంచెం కొంచెంగా దిగుతుంది. ఈ లెక్కను 1929లోనే థియొడర్ వాన్ కార్మన్ కట్టారు, అదీ పడవల కోసం కాదు, నీటి మీద దిగే విమానాల తేలియాడే భాగాల కోసం. ఆ లెక్క ప్రకారం ఒత్తిడి పడే వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వాలు పెరిగేకొద్దీ తగ్గుతుంది. 10 డిగ్రీల వాలు మీద పడే దెబ్బతో పోలిస్తే 24 డిగ్రీల వాలు మీద పడేది ఐదింట రెండు వంతులే. ఇందుకు మూల్యం లేకపోలేదు. లోతైన ‘వి’ని నీటిపైకి లేపడానికి ఎక్కువ శక్తి కావాలి. అందుకే అడుగున పొడవునా స్ట్రేకులనే సన్నని గట్లు పెడతారు. అవి నీటిని కిందికి మళ్లించి పడవను పైకి నెడతాయి. వాటి సంఖ్య, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయన్నది ఒక్కో పడవకు వేలిముద్ర లాంటిది. పేరు, నంబరు చెరిగిపోయిన పడవను పాత ఛాయాచిత్రాలతో పోల్చి గుర్తుపట్టేటప్పుడు ముందుగా చూడదగినవి ఈ గట్లే.

ఈ చరిత్రలో భారతదేశానికీ చోటుంది. 1926లో కరాచీలో పుట్టిన రెనాటో ‘సానీ’ లెవీ రెండో ప్రపంచ యుద్ధం తరువాత బొంబాయిలో తన కుటుంబ సంస్థలో పడవలు రూపొందించారు. తరువాత ఇటలీ వెళ్లారు. అమరం వైపు వెడల్పుగా, అణియం వైపు సన్నగా, పైనుంచి చూస్తే బాణపు ములికిలా కనిపించే ‘డెల్టా’ ఆకారం ఆయన ముద్ర. ఇంగ్లండ్‌లో 1961లో మొదలైన కౌస్–టార్కీ రేసును ఆయన రూపొందించిన ‘ఆ స్పెరాంజియెల్లా’ 1963లోనూ, ‘సర్ఫ్యూరీ’ 1967లోనూ గెలిచాయి. 1971లో వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘ధౌస్ టు డెల్టాస్’. అరేబియా సముద్రపు ధౌ నావల నుంచి డెల్టా దాకా అన్నమాట.

సర్ఫ్యూరీలో రెండు ఇంజన్లు పక్కపక్కన ఉండవు. ఒకదాని వెనుక ఒకటి నిలిచి ఒకే ప్రొపెల్లర్‌ను తిప్పుతాయి. పడవ అంత సన్నగా ఉండగలిగింది అందువల్లే. అలాంటి పడవలో ఇంజన్లను తీసి వాటి స్థానంలో ఆధునికమైనవి పక్కపక్కన అమరిస్తే పోయేది రెండు యంత్రాలు మాత్రమే కాదు, ఆ ఆకారానికి ఉన్న కారణం కూడా.

ఇక వర్గీకరణ సంగతి. రేసులు జరిగిన కాలంలో తరగతిని ఇంజన్ పరిమాణం, పడవ పొడవు నిర్ణయించేవి. అత్యున్నత తరగతిలో పెట్రోలు ఇంజన్ల మొత్తం పరిమాణానికి 1000 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 16.4 లీటర్లు హద్దుగా ఉండేది. ఇంజన్లు పోయాక ఆ కొలమానం ఎందుకూ పనికిరాదు. పాత పడవల సంఘాల కొలమానాలు వేరు. అమెరికాలోని యాంటిక్ అండ్ క్లాసిక్ బోట్ సొసైటీ వయసును బట్టి విభజిస్తుంది: 1918 దాకా తయారైనవి ‘హిస్టారిక్’, 1919 నుంచి 1942 వరకు ‘యాంటిక్’, 1943 నుంచి 1975 వరకు ‘క్లాసిక్’. సరస్సుల్లో తిరిగే మహాగని పడవలకు ఇది చక్కగా సరిపోతుంది. కానీ లోతైన ‘వి’ పుట్టుక, ఫైబర్‌గ్లాస్ రాక, డెల్టా ఆకారం, అల్యూమినియం పడవలు, ఇవన్నీ ‘క్లాసిక్’ అనే ఒకే గదిలో ఇరుక్కుంటాయి.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. ఒక పడవను ‘పరిరక్షించినది’గా గుర్తించాలంటే పై తట్టు, పక్కల చెక్కలో కనీసం 60 శాతం మొదటిదే కావాలని ఆ సంఘం నియమం. అడుగు ఈ లెక్కలోకి రాదు. నీటిలో నానే అడుగు పలకలు మార్చక తప్పదు కాబట్టి సరస్సు పడవ విషయంలో ఆ మినహాయింపు న్యాయమే. ఆఫ్‌షోర్ రేసు పడవకు వచ్చేసరికి వ్యవహారం తలకిందులవుతుంది. దాని ఘనతంతా లెక్కలోకి రాని ఆ అడుగులోనే ఉంది. బ్రిటన్ జాతీయ చారిత్రక నౌకల పట్టికకు 50 ఏళ్ల వయసు, 33 అడుగులకు మించిన పొడవు, చాలావరకు చెక్కుచెదరని హల్ ఉండాలి. అంతకన్నా చిన్నవి వేరే పట్టికలోకి పోతాయి. ఒకే రేసులో పక్కపక్కన పరుగెత్తిన 31 అడుగుల పడవ, 36 అడుగుల పడవ కాగితాల మీద విడిపోతాయన్నమాట. పడవను ముందు అడుగు ఆకారం బట్టి, తరువాత తయారీ పదార్థం, ఇంజన్ అమరిక బట్టి, ఆ పైన వయసు బట్టి వర్గీకరించడం మేలు.

పదార్థం మారితే జబ్బూ మారుతుంది. మాపీ తరం పడవలది చెక్క. లెవీ పడవల్లో పలుచని చెక్క పొరలను ఏటవాలుగా ఒకదానిపై ఒకటి జిగురుతో అతికించేవారు. చెక్కను తినేది ఉప్పునీరు కాదు, వాననీరు. తేమ దాదాపు 20 శాతం దాటిన చెక్కలో శిలీంధ్రం పెరుగుతుంది, ఉప్పు దాన్ని కొంత అడ్డుకుంటుంది. అందుకే గాలి ఆడకుండా టార్పాలిన్ కప్పి నేల మీద ఉంచిన పడవ, నీటిలో ఉన్నదానికన్నా త్వరగా పుచ్చిపోవచ్చు.

ఫైబర్‌గ్లాస్ పుచ్చదు గానీ నీరు తాగుతుంది. పై పూత గుండా నెమ్మదిగా దిగిన నీరు రెసిన్‌లోని కొన్ని పదార్థాలను కరిగించుకుంటుంది. ఆ గాఢ ద్రావణం మరింత నీటిని లాక్కుని పొక్కులుగా ఉబ్బుతుంది. పొక్కు చిట్లితే పుల్లని, వెనిగర్ లాంటి వాసన వస్తుంది. ఆంధ్ర తీరంలో చేపల వేటకు వెళ్లే ఫైబర్ పడవల పదార్థమూ ఇదే. రేసు పడవలో అంతకన్నా ప్రమాదకరమైనది పొరల మధ్య బయటికి కనిపించని చీలిక. వేల దెబ్బలు తిన్నాక అడుగు పొరలు విడిపోతాయి, లోపలి దూలాలు అతుకు వదులుతాయి. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. కుండ కొనేవారు వేలితో కొట్టి చూసినట్టు, నిపుణులు చిన్న సుత్తితో అడుగంతా తట్టి చూస్తారు. గట్టి చోట ఖంగున మోగుతుంది, విడిపోయిన చోట బోలుగా పలుకుతుంది. ఈ పరీక్ష లేకుండా పాత పడవను ప్రదర్శన కోసం పూర్తి వేగంతో పరుగెత్తించడం నడిపేవారి ప్రాణాలతో చెలగాటమే. అల్యూమినియం పడవల్లో వెల్డింగ్ వెంబడి వచ్చే సన్నని పగుళ్లు, కంచు, స్టీలు భాగాలు తగిలిన చోట తినేసే తుప్పు చూడాలి.

మరి ‘అసలుది’ అంటే ఏమిటి? మాపీ కథే ఈ ప్రశ్నను మెలిపెడుతుంది. ఆ చెక్క పడవ నుంచే అచ్చు తీసి, బెర్‌ట్రామ్ 31 అనే ఫైబర్‌గ్లాస్ పడవలను వందల సంఖ్యలో పోశారు. వాటిలో మాపీ చెక్క ముక్క ఒక్కటీ లేదు, ఆకారం మాత్రం ఉంది. పాడైన పదార్థాన్ని మార్చినా ఆకారాన్ని మార్చకూడదన్న నియమానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు. అందువల్ల పని మొదలుపెట్టే ముందే పడవను లేజర్‌తో స్కాన్ చేసి, స్ట్రేకులతో సహా త్రిమితీయ నమూనా భద్రపరచడం అవసరం. రంగు పొరలను కూడా ఒక చిన్న చోట మెట్లు మెట్లుగా గీకి, నమోదు చేసి, అలాగే వదిలేయాలి. పడవ పేర్లన్నీ ఆ పొరల్లోనే ఉంటాయి. అమెరికాలో హల్ గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది 1972 నవంబరులో. అంతకు ముందటి పడవలకు ఇలాంటి ఆధారాలే దిక్కు.

చివరగా, ఎక్కువగా చెడేది రేసులో కాదు, నిల్వలో. పడవను రెండు మూడు దిమ్మెల మీద ఏళ్ల తరబడి నిలిపితే, ఆ దిమ్మెల దగ్గర అడుగు లోపలికి నొక్కుకుంటుంది, మధ్యలో కిందికి కుంగుతుంది. అమరం దగ్గర అడుగు కొన్ని మిల్లీమీటర్లు కిందికి వంగినా, వేగంలో అది పడవ ముందు కొనను నీటిలోకి నెడుతుంది. పైకి వంగితే పడవ తవ్వాయి గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది. స్కాన్‌లోని కొలతలతో అడుగుకు సరిగ్గా అమిరే ఊయల లాంటి చట్రం చేయించి, బరువు కీల్ పొడవునా, లోపలి దూలాల కింద పడేలా నిలపాలి. ఇంజన్లు తీసి ఉంచిన పడవైతే, వాటిని తిరిగి అమర్చే ముందు ఈ కొలతలు మళ్లీ తీసి చూడాలి.