చెవిలో గుయ్‌మంటోందా? భయపడకుండా ఇలా చేయండి

మన మైలవరం, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్లు కోసే మిషన్ల మోత ఎవరికీ కొత్త కాదు. కానీ మిషన్ ఆగి, ఇంటికొచ్చి పడుకున్నాక కూడా చెవిలో గుయ్‌మని మోగుతూనే ఉంటే? దాన్నే టిన్నిటస్ అంటారు.

బయట ఏ శబ్దమూ లేదు, మీకు మాత్రం వినిపిస్తోంది. ఇది పిచ్చి కాదబ్బా. లోపలి చెవిలో సన్నటి రోమాల్లాంటివి ఉన్న కణాలుంటాయి. పెద్ద శబ్దాలకు అవి చనిపోతే మళ్లీ పుట్టవు. అక్కడి నుంచి సిగ్నల్ తగ్గేసరికి మెదడు తన వాల్యూమ్ తానే పెంచుకుంటుందని, ఆ మోతే మనకు వినిపిస్తుందని నిపుణులు చెప్తారు. రాళ్ల మిషనే కాదు, ఇయర్‌ఫోన్స్, డీజే బాక్సులూ ఇదే పని చేస్తాయి. ఒక్కోసారి గుబిలి గట్టిపడినా మోగుతుంది, అది డాక్టరుతో తీయిస్తే తగ్గొచ్చు.

ఇప్పుడు రోజువారీ ఇబ్బందులు చూద్దాం.

మొదటిది రాత్రి. ఊరు సద్దుమణిగేకొద్దీ మోత పెద్దదైనట్టు ఉంటుంది. అందుకే పూర్తి నిశ్శబ్దం వద్దు. ఫ్యాన్ తిరగనివ్వండి, లేదా ఫోన్ స్పీకర్లో వాన చప్పుడు చిన్నగా పెట్టుకోండి. మోతను ముంచేసేంత సౌండ్ అక్కర్లేదు.

రెండోది బస్సు. ప్రొద్దుటూరు బస్సెక్కితే ఇంజన్ మోతను మించి పాట వినాలని వాల్యూమ్ పెంచేస్తాం. డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే 4 గంటలే! అంత తేడా.

మూడోది పని. మిషన్ దగ్గర ఇయర్ ప్లగ్స్ తప్పనిసరి. కానీ ఇంట్లో పెట్టుకోవద్దు, బయటి శబ్దాలు ఆగితే లోపలి మోత ఇంకా పెరిగినట్టుంటుంది.

నాలుగోది మనసు. "ఇంకా మోగుతోందా?" అని చెవి పెట్టి వెతికేకొద్దీ భయం, భయపడేకొద్దీ మోత. ఆ చక్రాన్ని తెంచడానికి సీబీటీ అనే కౌన్సెలింగ్ బాగా పనికొస్తుంది. మోత పోకపోయినా దాని బాధ తగ్గుతుంది. వెల్లుల్లి నూనె, పుల్లలు, పిన్నులు చెవిలో పెట్టకండి. టిన్నిటస్‌ను పూర్తిగా పోగొట్టే మాత్ర ఇంకా రాలేదు, అలాంటి యాడ్స్‌కి డబ్బులు పోయకండి.

ఒక్క చెవిలోనే మోగినా, గుండె చప్పుడుతో పాటు కొట్టుకున్నా, కళ్లు తిరిగినా ఈఎన్‌టీ డాక్టరును కలవండి. వినికిడి ఉన్నట్టుండి పడిపోతే మాత్రం ఆ రోజే వెళ్లండి, ఆలస్యమైతే తిరిగి రావడం కష్టం. కడప రిమ్స్‌లో ఈఎన్‌టీ విభాగం ఉంది.

మీ ఇంట్లో మిషన్ పనికి వెళ్లే అన్న, నాయన ఎవరైనా ఉంటే ఈరోజే అడగండి, "రాత్రిపూట చెవి మోగుతోందా?" అని. చాలామంది సిగ్గుతో చెప్పరు. ఉంటాను మరి.